తాళము పడిన యిండ్లు, తలుపు తట్టు నతిథులు

వేసవి సెలవులు సమీపించినతోడనే మన పాఠశాల పిల్లలకు సముద్రము జ్ఞప్తికి వచ్చుట సహజము. కృష్ణా డెల్టాయందు వైశాఖమాసపు టెండ యెట్టిదో ఈ సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కాలువలు కట్టివేయబడును, చేలు బీటలువాఱును, మధ్యాహ్నవేళ కాకి సైతము కొమ్మ విడిచి పోదు. అట్టి దినములలో కూచిపూడి నుండి మచిలీపట్టణమునకు, అనగా మన వాడుకలోని బందరునకు, పోవుట యెంతపని? నలుబది కిలోమీటర్లైనను లేదు. అయినను పోయినవారిలో పెక్కురు ఉదయమున బయలుదేఱి, మంగినపూడిలో సముద్రస్నానము చేసి, పొట్లము కట్టించిన లడ్డూలతో దీపములవేళకు ఇల్లు చేరుచున్నారు. రాత్రి యచ్చట నిలుచువారు తక్కువ. నిలువదలచినవారు ఏదో యొక లాడ్జిగదిలో తల దాచుకొని, తెల్లవాఱగనే తాళపుచెవి అప్పగించి మరలి వచ్చుచున్నారు. వారు సముద్రమును చూచిరి గాని పట్టణమును చూడలేదు. ఊరిని చూచుట వేఱు, ఊరిలో నుండుట వేఱు.

అన్యదేశములలో, ముఖ్యముగ మధ్యధరా సముద్రతీరమందలి ప్రాచీన పట్టణములలో, సెలవులకు వచ్చువారు హోటలును విడిచి, ఆ యూరివారి పాతయింటిలో ఒక భాగమును వారమునకో పక్షమునకో అద్దెకు పుచ్చుకొని, అంగడికి పోయి కూరలు తెచ్చుకొని, వండుకొని తినుచు, ఇరుగుపొరుగువారివలె దినములు గడపుచున్నారు. ఇప్పుడు ఆ పద్ధతి మనదేశమునకును వచ్చినది. పుదుచ్చేరిలో వచ్చినది, గోవాలో వచ్చినది, విశాఖపట్టణమున వచ్చినది. బందరునందు వేళ్లూనుటకు ఎన్నో యేండ్లు పట్టదు. వచ్చిన తరువాత చింతించుటకన్న ముందుగనే యోచించుట మేలు. ఈ విషయమున మా యభిప్రాయమును దాపఱికము లేక మొదటనే చెప్పెదము. తాళము పడియున్న యింటిని తెఱచి అతిథికిచ్చుట ఊరికి మేలు. కాపురమున్నవారిని లేపి ఆ యింటిని అతిథికిచ్చుట ఊరికి కీడు. ఈ రెంటికిని గల భేదమును తెలిసికొనినచో తక్కినదంతయు సులభము.

బందరునకు పరదేశి క్రొత్తవాడు కాడు. క్రీస్తు శకము మొదటి శతాబ్దియందు గ్రీకుభాషలో వ్రాయబడిన యొక నౌకాయాన గ్రంథమున మసాలియా యను సీమపేరు కానవచ్చుచున్నది. సన్నని నూలుబట్టలు ఆ సీమయందు విస్తారముగ తయారగుచుండెనని ఆ గ్రంథకర్త తెలిపియున్నాడు. రెండవ శతాబ్దివాడైన టాలెమీ తన భూగోళగ్రంథమున పేర్కొనిన కంటకోసిల, కూచిపూడికి సమీపమందలి మన ఘంటసాలయే యని చరిత్రకారుల నిర్ణయము. ఆ టాలెమీ మధ్యధరా సముద్రతీరమందలి అలెగ్జాండ్రియా నగరవాసి. అనగా, ఆ సముద్రతీరమునకును ఈ సముద్రతీరమునకును గల రాకపోకలు నిన్న మొన్నటివి కావు. నేడు మనము వారి పట్టణముల పేరెత్తుట గొప్పకొఱకు కాదు. పాతచుట్టఱికమును జ్ఞప్తికి దెచ్చుకొనుటయే.

గోలకొండ నేలిన కుతుబ్‌షాహీల కాలమున బందరు వారి రాజ్యమునకు ముఖ్యమైన రేవు. 1605లో డచ్చివారు వచ్చిరి; 1611లో ఆంగ్లేయులు వచ్చిరి; తరువాత ఫ్రెంచివారు వచ్చిరి. డచ్చివారిని మనవారు వలందులనిరి, ఫ్రెంచివారిని పరాసులనిరి. నేటికిని ఆ పట్టణమున వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యను పేటలు కలవు. రిక్షావానిని అడిగినను ఆ పేర్లే చెప్పును. పరదేశి పోయెను, రాజ్యములు పోయెను, పేటల పేర్లు మాత్రము నిలిచినవి. బందరుకోట శిథిలములును, డచ్చివారి సమాధులును పురావస్తుశాఖవారి రక్షణలో నున్నవి. మన మిషను పాఠశాలలకు తాతవంటిదైన నోబుల్ పాఠశాల 1843లో వెలసినదియు ఆ పట్టణమందే. దానిని స్థాపించిన రాబర్టు నోబుల్ దొరగారును ఒకనాడు ఆ యూరికి బస వెదకుకొనుచు వచ్చిన పరదేశియే గదా! 1902లో కృష్ణాపత్రికయు, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలయు, 1923లో డాక్టరు పట్టాభి సీతారామయ్యగారి పూనికతో ఆంధ్రా బ్యాంకును ఆ యూరనే పుట్టినవి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకునందు కలిసిపోయినది గాని, అది పుట్టిన యూరి ఘనత కలిసిపోలేదు.

పరస్థలమువానికి బస యిచ్చుటయు మన సీమకు క్రొత్త కాదు. హోటళ్లు పుట్టకమునుపు సత్రములుండెను, పూటకూటి యిండ్లుండెను. దిక్కులేని వితంతువులు పెక్కుమంది పూటకూటి యింటిని నడుపుకొని, కచేరీపనిమీద వచ్చినవారికిని చదువుకొను పిల్లలకును అన్నము పెట్టి, గౌరవముగ బ్రతికిరి. మన కూచిపూడి సంగతి చెప్పనేల? భాగవతుల మేళములు గజ్జెల మూటతో ఊరూరు తిరిగి, చేరిన యూర ఎవరి యరుగుమీదనో పడుకొని, ఎవరి పెరటిలోనో స్నానముచేసి, భామాకలాపము నాడి వచ్చినవి. ఇతరుల యిండ్లలో అతిథులుగ నుండి కీర్తి తెచ్చుకొనిన గ్రామమిది. అతిథి కష్టము తెలిసినవాడే మంచి గృహస్థు కాగలడు.

ఇప్పుడు ఆ పాతయిండ్ల స్థితి యెట్లున్నదో చూతము. బందరు పాతవీథులలో నడచినచో మండువా లోగిళ్లు ఇంకను అచ్చటచ్చట కానవచ్చును. వీథివైపున అరుగులు, చెక్కిన ద్వారబంధము, లోపల నాలుగువైపుల వసారా, నడుమ ఆకాశము కనబడు మండువా, వెనుక పెరడు, పెరటిలో నుయ్యి. వానిలో కొన్నిటికి తాళములు వ్రేలాడుచున్నవి. పెద్దలు గతించిరి, పిల్లలు విజయవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో యున్నారు, అన్నదమ్ముల నడుమ పంపకము తెగలేదు, సంవత్సరమున కొకమాఱు వచ్చి, సాలెగూళ్లు దులిపించి, తాళము బిగించి పోవుచున్నారు. సముద్రపుగాలిలో ఉప్పు ఉన్నది. కిటికీ ఊచలు త్రుప్పుపట్టును. ఒక పెంకు జారినచో, చూచువారు లేక, ఆ సందున వాన దిగును, వాసము పుచ్చును, చెదలు పట్టును. గోడపగులున రావిమొక్క మొలచును. పొయ్యి వెలుగు ఇంటిలో పెంకు జారిన సంగతి ఆనాడే తెలియును. తాళమున్న యింటిలో కప్పు కూలిన తరువాత తెలియును. పిమ్మట ఆ స్థలము అమ్ముడుపోవును. ద్వారబంధమును దూలములును పాతకలప అంగడికి చేరును. ఆ చోట అపార్టుమెంటు లేచును. అపార్టుమెంటు కట్టుట తప్పని మేమనము. మనుష్యులకు ఇండ్లు కావలెను. కాని నిలుపదగిన యిల్లు నిర్లక్ష్యముచేత కూలుట తప్పేయని మా నమ్మకము.

గడచిన వేసవిలో మేము కొందఱు ఉపాధ్యాయులము కుటుంబములతో నాలుగుదినములు బందరులో నుండదలచి యింటికొఱకు వెదకితిమి. ఒక గృహయజమాని టెలిఫోనులో మాట్లాడుచు మొదట మా యూరడిగెను, చెప్పితిమి. ఎందఱు వత్తురని యడిగెను, చెప్పితిమి. అద్దె కుదిరినది, అడ్వాన్సు పంపుటకు సిద్ధముగ నుంటిమి. అప్పుడాయన గొంతు తగ్గించి, "ఇంతకీ మీరేమిట్లండీ?" అనెను. ఉపాధ్యాయులమని చెప్పితిమి. "అది కాదండీ" అనెను. మిషను పాఠశాలవారమని చెప్పితిమి. కొంతసేపు మాటలేదు. తరువాత, ఆ యింటికి సున్నము వేయించుచున్నామనియు, మఱియొకమాఱు చూతమనియు చెప్పి మాట ముగించెను. ఆ యింటికి సున్నము వేసిరో లేదో మేమెఱుగము.

రెండవ యిల్లు ఒక వృద్ధురాలిది. ముందుభాగమున తామొక్కరే యుండి, వెనుకభాగమునకు ఏండ్లతరబడి తాళము వేసియుంచిరి. కుమారులిద్దఱును దూరదేశమున నున్నారు. ఆమె మమ్ము కులమడుగలేదు, పిల్లలెందఱని యడిగిరి. ఇల్లంతయు త్రిప్పి చూపుచు, "నూతినీళ్లు ఉప్పగా ఉంటాయి నాయనా, తాగడానికి క్యాన్లు తెప్పించుకోవాలి. పడమటింట్లో ఆ మూల వాన పడితే కురుస్తుంది, అక్కడ పక్కలు వేయకండి. అందుకని అద్దె ఓ వంద తగ్గించి ఇవ్వండి" అనిరి. అద్దె తగ్గింపుమని అద్దెకున్నవాడు కోరుట చూచితిమి గాని, తగ్గించి యిమ్మని యిచ్చువారు కోరుట మేమంతకుమునుపు చూచియుండలేదు. ఆ నాలుగుదినములు మా పిల్లలు మండువాలో ఆడిరి. సాయంకాలము మామ్మగారు అరుగుమీద కూర్చుండి, తమ యత్తవారి తాతగారు 1864 ఉప్పెననాడు ఎట్లు ప్రాణములు దక్కించుకొనిరో ఇంటిలో చెప్పుకొను కథను పిల్లలకు చెప్పిరి. మేము బయలుదేఱునాడు, "మామ్మగారూ, మీకు శ్రమ యిచ్చితిమి" అనగా, "శ్రమేముంది నాయనా, నాలుగు రోజులు ఇంట్లో పిల్లల గొంతు వినపడింది. పైపెచ్చు ఈ డబ్బుతో ఆ మూల పెంకు నేయిస్తాను" అనిరి.

ఈ రెండిండ్లును ఒకే పట్టణములోనివి. మొదటి యింటివంటివి పెరిగినచో మన సీమకు అపకీర్తి. రెండవ యింటివంటివి పెరిగినచో పాతయిండ్లు నిలుచును, వృద్ధులకు తోడు దొరకును, పరస్థలమువారికి ఊరి హృదయము తెలియును. నెలకు నాలుగు రాత్రులు మాత్రమే అతిథులు వచ్చిరనుకొందము. సంవత్సరమునకు నలుబది యెనిమిది రాత్రులు ఆ యింట దీపము వెలుగును. నెలకొకమాఱైనను ఎవరో యొకరు కప్పువంక చూతురు. ఇంటికి అంతకుమించిన మందు లేదు.

ఇది ఊహ మాత్రమే కాదు. గ్రీసుదేశమున సాంతొరీని యను ద్వీపము కలదు. అందు సముద్రమున కెదురుగ కొండయంచున ఈయా యను ప్రాచీన గ్రామమున్నది. నావికులు కట్టుకొనిన యూరు. 1956లో భూకంపము వచ్చి ఆ ద్వీపమున ఇండ్లు కూలినవి. పెక్కురు ఊరు విడిచిపోయిరి. ఆ దేశపు పర్యాటకశాఖవారు 1975 ప్రాంతమున ఒక పని తలపెట్టిరి. దిక్కులేక పడియున్న పాతయిండ్లను, రూపు చెడకుండ, పూర్వపు పద్ధతిలోనే బాగుచేయించి, వచ్చిపోవువారికి బసలుగ ఇచ్చిరి. ఈయాలోనే గాక ఇతర ప్రాచీన గ్రామములలోను ఇట్లే చేసిరి. పాడుపడిన యిండ్లు నిలిచినవి. ఊరికి మరల ప్రాణము వచ్చినది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో ఇంచుమించు ముప్పదివేలమందిని పోగొట్టుకొని, ఆ దెబ్బనుండి పూర్వవైభవమును మరల చూడని బందరునకు ఈ కథ వినదగినది.

అయితే ఈ కథకు రెండవ భాగము కూడ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. అదే సాంతొరీనికి ఇప్పుడు జనము వెల్లువవలె వచ్చుచున్నందున, ఓడలలో దిగువారి సంఖ్యను దినమునకు ఎనిమిదివేలకు మించనీయరాదని అచ్చటివారు కట్టడి చేసికొనవలసి వచ్చినది. ఇటలీలోని వెనిసు నగరము సంగతి యంతకన్న శోచనీయము. 1951లో ఆ ప్రాచీన ద్వీపనగరమున ఇంచుమించు 1,75,000 మంది కాపురముండిరి. 2022 నాటికి వారి సంఖ్య 50,000కు లోబడినది. కారణములు పెక్కు కలవు. కాని నివాసపుటిండ్లు అతిథుల బసలుగ మాఱుట వానిలో ఒకటి. 2024 నుండి, రద్దీ దినములలో పగటిపూట చూచిపోవు యాత్రికులవద్ద ఆ నగరమువారు ప్రవేశరుసుము పుచ్చుకొనుచున్నారు. ఊరిలోనికి పోవుటకు టిక్కెట్టు! స్పెయినుదేశమందలి బార్సిలోనా నగరపాలకులు, అతిథులకు అద్దెకిచ్చు అపార్టుమెంట్లకై యున్న 10,101 లైసెన్సులను 2028 నవంబరు తరువాత సాగనీయమని 2024 జూనులో ప్రకటించిరి. ఏల? అతిథులవలన వచ్చు సొమ్ము కాపురస్థునివలన వచ్చు అద్దెకన్న ఎక్కువగుచుండగా, యజమానులు కాపురస్థులను లేపివేసిరి. అద్దెలు పెరిగినవి. ఆ యూర పుట్టినవారికే ఆ యూర ఇల్లు దొరకకపోయినది. అతిథి చూడవచ్చినది ఆ యూరివారిని. ఊరివారు లేకపోయిన తరువాత అతడు చూచునది గోడలనే.

బందరునకు అంతటి ప్రమాదము ఎక్కడిదని చదువరులు నవ్వవచ్చును. నవ్వకుడు. బందరు నేడు మరల పెరుగుచున్న పట్టణము. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయము వచ్చినది. 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల తెఱవబడినది. పలుమాఱులు శంకుస్థాపనలు జరిగిన పిదప, క్రొత్త రేవు పనులు 2023లో ఆరంభమైనవి. రేవు పనివారికి, విద్యార్థులకు, నర్సులకు, గుమాస్తాలకు అద్దెయిండ్లు కావలెను. పెడనలో కలంకారీ అచ్చులు వేయువానికిని, చిలకలపూడిలో గిల్టునగలు చేయువానికిని, గిలకలదిండిలో వలలు బాగుచేసికొను పల్లెకారునకును అద్దెయిల్లే దిక్కు. వారు నెలకిచ్చునది అతిథి రెండు రాత్రులకిచ్చునట్టి దినము వచ్చినచో, వారిని లేపివేయుటకు యజమానికి గడియసేపు పట్టదు. అందువలననే మేము ముందుగ గీత గీయవలెనని చెప్పుచున్నాము. ఏ యింట సంవత్సరకాలముగ ఎవరును కాపురము లేరో ఆ యిల్లు గాని, యజమానులు తామున్న యింటిలో మిగిలిన గదులు గాని, అతిథులకీయవచ్చును. అద్దెకున్న కుటుంబమును లేపి ఆ యింటిని అతిథులకిచ్చుటకు పురపాలకసంఘమువారు అనుమతి నీయరాదు.

భారత ప్రభుత్వ పర్యాటకశాఖవారు గృహబసలకై యేర్పఱచిన పద్ధతిలో, ఒకటి మొదలు ఆఱు గదులవఱకే ఇచ్చుటకును, యజమాని కుటుంబము ఆ యింటనే నివసించుటకును నియమము కలదు. ఆ నియమములోని యుద్దేశ్యము మిక్కిలి మంచిది. ఇల్లు ఇల్లుగనే యుండవలెను గాని మాఱువేషము వేసికొనిన హోటలు కారాదు. అయితే యజమాని అమెరికాలోనున్న లోగిలి గతి యేమి? దానికి మా సూచన యిది. ఆ యింటిలో ఒక భాగమును ఇల్లులేని యొక మంచి కుటుంబమునకు అద్దె లేకుండ కాపురమునకిచ్చి, తక్కిన గదులను వారి చేతిమీదుగ అతిథులకిప్పింపవలెను. వచ్చిన సొమ్ములో వారికి న్యాయమైన పాలు పెట్టవలెను. ప్రభుత్వమువారు అట్టి యేర్పాటును అంగీకరించినచో, యజమానికి ఇల్లు దక్కును, పేదకుటుంబమునకు నీడ దక్కును, అతిథికి పలుకరించు మనిషి దక్కును.

ఇక ఇల్లిచ్చువారి ధర్మములను గూర్చి రెండుమాటలు. మొదటిది సత్యము. నూతినీరు ఉప్పనైనచో ఉప్పనని చెప్పవలెను. సముద్రము పది కిలోమీటర్ల దూరముననున్నచో, కిటికీనుండి కెరటములు కనబడునని చెప్పరాదు. కార్తీకపూర్ణిమకును మాఘపూర్ణిమకును మంగినపూడికి జనము వత్తురుగాన, ఆనాడు ఒప్పుకొనిన అద్దెను మాఱ్చి రెట్టింపు చేయుట మాట తప్పుటయే. రెండవది భద్రత. అక్టోబరు మొదలు డిసెంబరువఱకు గాలివానల కాలము. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెనను చూచినవారు ఇంకను మనలో కలరు. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల దాపున తీరము దాటిన గాలివాన నిన్నటిది. క్రొత్తవానికి ఈ సంగతులు తెలియవు. ఆ నెలలలో వచ్చు అతిథికి తుపాను రక్షణగృహము ఎచ్చటనున్నదో చూపుటయు, హెచ్చరిక వచ్చినయెడల పుచ్చుకొనిన అడ్వాన్సు తిరిగి యిచ్చి ముందుగనే పంపివేయుటయు యజమాని విధి. సొమ్ముకొఱకు మనిషిని కెరటములయెదుట నిలుపరాదు. మూడవది చట్టము. విదేశీయుడు బసచేసినచో ఇరువదినాలుగు గంటలలో అధికారులకు తెలుపవలసియున్నది, దానిని ఉపేక్షింపరాదు.

నాలుగవది అన్నిటికన్న ముఖ్యము. ఇల్లు అద్దెకిచ్చునప్పుడు కులమడుగరాదు, మతమడుగరాదు. మా యింట మాంసము వండరాదని నియమము పెట్టుకొనుట యజమాని యిష్టము. దానిని ముందుగ అందఱికిని ఒక్కరీతిగ చెప్పినచో ఎవరికిని బాధలేదు. కాని వంటను గూర్చి యడుగుట వేఱు, పుట్టుకను గూర్చి యడుగుట వేఱు. వలందులను, పరాసులను, పారసీకులను చేర్చుకొని పెద్దదైన పట్టణము, పొరుగూరి తెలుగువానిని గుమ్మమున నిలిపి కులమడుగుట యెంతటి వింత! క్రిస్మసునాడు మన బాలురు ఏటేట ఆడు నాటకములో, బేత్లెహేమున గర్భవతియైన మరియమ్మకు బస దొరకని ఘట్టము వచ్చినప్పుడు, చూచువారందఱును కన్నీరు పెట్టుకొందురు. ఆ సత్రమువానిని నిందింతురు. నాటకము ముగిసి యింటికి పోయిన తరువాత, తమ గుమ్మమున నిలిచినవానిని "మీరేమిట్లు" అని యడిగినచో, ఆ సత్రమువానికిని వారికిని భేదమేమి? అతనికి చోటు లేదు. వీరికి చోటున్నది, మనసు లేదు.

అతిథికిని ధర్మములు కలవు. అద్దె చెల్లించినంతమాత్రమున ఊరు కొన్నట్లు కాదు. అర్ధరాత్రి పాటలు పెట్టి పొరుగువారి నిద్ర చెఱుపరాదు. వేసవిలో నీరు పొదుపుగ వాడవలెను. పాత ద్వారబంధమునకు మేకులు కొట్టరాదు. కోటగోడలపై పేర్లు చెక్కరాదు. సముద్రమున కాపలావారి మాట వినవలెను. కూరలు బజారున కొనవలెను; బట్ట కావలసినచో పెడనలో అచ్చువేసినవానివద్దనే కొనవలెను. అద్దె బేరమాడునప్పుడు ఇచ్చునది వృద్ధురాలో, నౌకరీ లేని కుటుంబమో యని తలచుకొనవలెను. ఇంటిని ఎట్లు పుచ్చుకొనెనో అంతకన్న శుభ్రముగ అప్పగించి రావలెను. మా ప్రయాణమున మాతో వచ్చిన పిల్లలచేత కడపటినాడు మండువా కడిగించి వచ్చితిమి. వారికి ఆ నాలుగుదినములలో అదియే మంచి పాఠమని మా తలంపు.

ఈ మాటలన్నియు బందరువారికే యని మన గ్రామమువారు తలపరాదు. కూచిపూడికి నాట్యము నేర్చుకొనుటకై ఇతర రాష్ట్రములనుండియు, సముద్రములు దాటియు విద్యార్థులు వచ్చుచున్నారు. వారికి గది కావలెను. వారు మన వీథులలో ఇల్లడుగుచు తిరుగునప్పుడు మనము వారినేమి యడుగుచున్నాము? తాళెంత బాగుగ వేయుదువనియా, లేక మీరేమిట్లనియా? మన యిండ్లలోను తాళములు పడినవి కలవు. నాట్యాచార్యుల కుటుంబములు కొన్ని పట్టణములకు పోయినవి. వారి యరుగులు ఖాళీగ నున్నవి. ఆ యరుగుమీద మరల గజ్జెల చప్పుడు వినబడవలెనన్నచో, తాళము తీయుటయే మొదటిపని.

తుదకు మా విద్యార్థులకొక చిన్నపని యప్పగించుచున్నాము. ఈ సెలవులలో మీరు బందరు పోయినను, ఇంటనే యున్నను, మీ యింటిలోని పెద్దలను గాని పొరుగింటి పెద్దలను గాని అడిగి, వారున్న యిల్లు ఎవరు కట్టిరో, ఏ యేట కట్టిరో, కలప ఎచ్చటినుండి తెచ్చిరో, ఏ గాలివానకు ఏ గోడ పడినదో ఒక పుస్తకమున వ్రాసికొని రండు. రేపు అతిథి వచ్చి యడిగినప్పుడు చెప్పగలవారుండవలెను. తన యింటి కథ తెలియనివాడు దానిని అమ్ముట సులభము. తెలిసినవాడు దానిని నిలుపుకొనుటకు దారి వెదకును.

పరదేశికి తలుపు తెఱచు గుణమును, పొరుగువానిని వీథిపాలు చేయని మనస్సును సర్వేశ్వరుడు మన సీమవారికి దయచేయుగాక.